పెయ్యదూడ గాడిలో ఉట్టి వరిగడ్డేనా? పశుపోషణ అధికారులకు, పాల సంఘాలకు, దాణా మిల్లులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పశుపోషణ అధికారులకు, పాల సంఘాల పాలకవర్గాలకు, దాణా మిల్లుల యజమానులకు నమస్కారాలు.

పెయ్యదూడలు, గేదె పడ్డల మేపు గురించి ఇదివరకు వినతిపత్రాలు ఇచ్చాం. సమావేశాల్లో లేచి అడిగాం. పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత కబురు లేదు. అందుకే ఈసారి అందరి ముందూ చెబుతున్నాం. మాలో పాడి రైతులున్నారు, దాణా కలిపేవాళ్లున్నారు, పశువైద్యం చేసేవాళ్లున్నారు. మేం అడిగేది కొత్త పథకం కాదు. పొలంలో, మిల్లులో మిగిలే పొట్టు, చొప్ప, కట్టె, గడ్డిని ఏ వయసు దూడకు ఏది, ఎంత, దేనితో కలిపి పెట్టాలో తేల్చి, ఆ ప్రకారం సాయం అందించమని అడుగుతున్నాం.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. పాలిచ్చే పశువుకు దాణా పడుతుంది, పచ్చిమేత పడుతుంది. దూడ పాలు మానేసిన రోజు నుంచి మొదటిసారి ఎదకు వచ్చేదాకా దాని గాడిలో పడేది వరిగడ్డి. రైతు తప్పని మేం అనం. పాలివ్వని పశువుకు దాణా బస్తా కొనే స్తోమత చాలా ఇళ్లలో లేదు. రాయితీ దాణా, మేత పంపిణీ ఎక్కువగా పాడి పశువు లెక్కనే సాగుతున్నాయి. పెయ్యదూడలకు రాయితీ దాణా, నట్టల మందు, బీమా కలిపి ఇచ్చిన సునందిని లాంటి పథకం మనం చూశాం. ఆ ఆలోచన సరైనదే. కానీ దాణా బస్తాతో పాటు గాడిలోని ఎండుమేతను కూడా లెక్కలోకి తీసుకోకపోతే బస్తా అయిపోయిన రోజే దూడ మళ్లీ ఉట్టి గడ్డి మీద పడుతుంది.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం. 120 కిలోల పెయ్యదూడ రోజంతా నమిలినా రెండున్నర కిలోలకు మించి తినలేదు. అంటే దాని ఒంటికి అందేది 80, 90 గ్రాముల మాంసకృత్తులు. రోజుకు 400 గ్రాముల బరువు పెరగాలంటే 350 గ్రాముల పైన కావాలి. కావలసినదాంట్లో నాలుగో వంతు అందిన దూడ చావదు, పెరగదు. పొట్ట కుండలా వేలాడుతుంది, వీపు మీద ఎముకలు తేలతాయి. చూసినవాళ్లు నట్టలు అనుకుంటారు. నట్టల మందు తాగించినా పొట్ట తగ్గదు, ఎందుకంటే అందులో ఉన్నది అరగని గడ్డి.

దీనికి తోడు వరిగడ్డిలోని ఆక్సలేట్లు సున్నాన్ని పట్టేసి బయటికి పంపుతాయి. భాస్వరం మొదటే తక్కువ. ఎండిన గడ్డిలో విటమిన్ ఎ అసలుండదు. నెలల తరబడి పచ్చిపోచ లేకుండా పెరిగిన పడ్డకు రేచీకటి వస్తుంది. అదే లోటుతో చూడి మోస్తే గుడ్డి దూడ పుట్టవచ్చు. రోజుకు 3 కిలోల పచ్చిమేత, అదీ లేకపోతే కిలో అవిశ ఆకు, 25 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం చాలు, ఈ రెండు లోట్లూ పూడతాయి.

ఇంటికి జరిగే నష్టం లెక్క ఇది.

1. జెర్సీ సంకర పెయ్యదూడ 22 కిలోలతో పుట్టి 220 కిలోల దగ్గర మొదటి సూదికి, అంటే కృత్రిమ గర్భధారణకు సిద్ధమవుతుంది. పెరగాల్సింది దాదాపు 200 కిలోలు. రోజుకు 400 గ్రాములు పెరిగితే 500 రోజులు. 200 గ్రాములే పెరిగితే 1000 రోజులు. చూడి కాలం 9 నెలలు కలిపితే మొదటి దూడ 26 నెలలకు ఈనుతుందా, 42 నెలలకా అన్నది గాడిలోనే తేలుతోంది. మధ్యలో 500 రోజులు ఆ ఇల్లు పాలివ్వని పశువును మేపుతుంది. గేదె పడ్డల్లో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. నాలుగేళ్లు దాటినా ఈనని పడ్డ లేని ఊరు అరుదు.

2. ఎదకు రాని పడ్డను ఎన్నాళ్లని మేపుతారు? సంతకు తోలేస్తారు. దాని బదులు హర్యానా నుంచో గుజరాత్ నుంచో పాడి గేదెను అప్పు తెచ్చి కొంటారు. అది ఇక్కడి ఎండకు, మేతకు అలవాటుపడేలోపు ఒక ఈత పాలు పోతాయి. ఇంట్లో పుట్టిన మేలు జాతి దూడను పోగొట్టుకుని దాన్నే మళ్లీ అప్పుతో కొంటున్నట్టు.

3. దూడను చూసేది, గడ్డి వేసేది, పేడ ఎత్తేది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లు. ఆ 500 రోజుల చాకిరీ ఏ లెక్కలోనూ కనపడదు.

ఇక మేతల సంగతి. పంట మిగుళ్లన్నిటినీ పీచు అనే ఒక్క మాట కింద కట్టేయడం దగ్గరే మొదటి తప్పు జరుగుతోంది.

వేరుశనగ కట్టె, అంటే కాయలు తీశాక మిగిలే తీగ, ఆకు రాలకుండా, వానకు తడవకుండా ఆరితే మాంసకృత్తులు 9, 10 శాతం ఉంటాయి. వరిగడ్డికి రెండింతల పైమాటే. అనంతపురం వైపు రైతులకు తెలిసిన ఐసిజివి 91114 రకం పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో తయారైంది. కాయతో పాటు కట్టె కూడా పశువుకు పనికొస్తుందని దాన్ని ఇష్టపడ్డారు. ఇదే కట్టె కుప్పలో తడిస్తే బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. పెద్ద పశువు తట్టుకున్న మోతాదు చిన్న దూడ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నల్లబడిన కట్టెను దులిపి దూడకు వేయడం కంటే ఎరువు గుంతలో వేయడం మేలు.

పొట్టు విషయంలో పేరు ఒకటే, సరుకు వేరు. కళ్లంలో నూర్చినప్పుడు వచ్చే కంది పొట్టులో కాయ పెచ్చులు, ఆకు, పుల్లలు ఉంటాయి. తాండూరు పప్పు మిల్లుల్లో వచ్చే కంది చున్నీలో గింజ పొర, పప్పు నూక ఉంటాయి. మొదటిది ఎండుమేత, రెండోది సగం దాణా. తెనాలి మిల్లుల మినప పొట్టుకూ ఇదే వర్తిస్తుంది. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు సోయా కాయ పెచ్చు, నూనె మిల్లులో గింజ నుంచి వచ్చే సోయా పొట్టు రెండూ పొట్టు పేరుతోనే అమ్ముడవుతాయి. గింజ పొట్టులో పీచు ఎక్కువే అయినా అరగని చెక్క లాంటి లిగ్నిన్ చాలా తక్కువ, దూడ కడుపులో బాగా అరుగుతుంది. కాయ పెచ్చు అలా కాదు. ప్రయోగశాల కాగితం మీద రెండింటి ముడి పీచు అంకె దగ్గరగానే కనపడవచ్చు. అరుగుదల అంకె రాయనంతకాలం ఆ కాగితం రైతుకు ఉపయోగపడదు.

జొన్న చొప్ప కొనేవాడికి ఈ తేడా ఏనాడో తెలుసు. హైదరాబాద్ మేత మార్కెట్లలో చొప్ప ధరలను పరిశీలించిన పరిశోధకులు, అరుగుదల 47 శాతం ఉన్నదానికీ 52 శాతం ఉన్నదానికీ ధరలో పాతిక శాతం దాకా తేడా పలకడం గమనించారు. కంటితో, చేతితో చూసి కొనేవాళ్లు కట్టిన వెల అది. సర్కారు కొనుగోలు టెండర్లలో మాత్రం ఎండుమేతకు బరువే కొలత.

పత్తి గింజల పొట్టు, చెక్కల్లో గాసిపాల్ ఉంటుంది. నెమరు పొట్ట పూర్తిగా తయారుకాని దూడకు అది విషం. నాలుగు నెలల లోపు అసలు పెట్టకూడదు. చెరకు పిప్పి, మొక్కజొన్న బెండ్లలో మాంసకృత్తులు 2, 3 శాతమే. వాటిని ఏడాది దాటిన పడ్డలకు, మొలాసిస్ (చెరకు మడ్డి)తో, మంచి దాణాతో కలిపి కొంత వాడవచ్చు. వరి ఊక మాత్రం మేత కాదు. అందులో బూడిదే 20 శాతం దాకా, అదీ ఎక్కువగా ఇసుక లాంటి సిలికా. అయినా తవుడు పేరుతో ఊక పొడి దూడల కడుపులోకి వెళుతోంది. పాత హల్లర్ మిల్లు తవుడులో ఊక ఎలాగూ ఉంటుంది. కొన్ని చోట్ల దానికి తోడు విడిగా కలుపుతున్నారు. అరచేతిలో నలిపితే గరగరలాడుతుంది. ఖాయంగా తేలాలంటే ఆమ్లంలో కరగని బూడిద పరీక్ష చేయించాలి.

వయసు వారీగా మేం సరైనదని చెబుతున్న పద్ధతి ఇది. ఇందులో కొత్తదేమీ లేదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో పంట మిగుళ్లతో సంపూర్ణ దాణాల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. కొరత ఉన్నది ఊరికి చేరడంలో.

మూడు నెలల లోపు దూడకు పాలు, రెండో వారం నుంచి దూడల దాణా. నెమరు పొట్ట గోడల్లో పీల్చుకునే మొనలు పెరిగేది దాణా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల వల్ల. గడ్డి పొట్టను సాగదీస్తుంది, కండ పెంచుతుంది, కానీ ఆ మొనలను పెంచదు. అందుకే ఈ వయసులో గుప్పెడు శుభ్రమైన వేరుశనగ ఆకు, లేత ఎండుగడ్డి చాలు. మూడు నుంచి ఆరు నెలల వరకు తినేదాంట్లో మూడో వంతు దాకా వేరుశనగ కట్టె, పప్పు పొట్టు ఇవ్వవచ్చు. వరిగడ్డి ఆడుకోవడానికి వేసినంతే. యూరియా ఏ రూపంలోనూ వద్దు. యూరియా మొలాసిస్ దిమ్మెను తల్లి కోసం కట్టినా దూడకు అందకూడదు.

ఆరు నెలలు దాటి 120 కిలోల దగ్గర ఉన్న సంకర పెయ్యకు రెండు రకాలుగా లెక్క వేయవచ్చు. వరిగడ్డి ఒకటిన్నర కిలో, 20 శాతం మాంసకృత్తులున్న దాణా ఒకటిన్నర కిలో, పచ్చిమేత 3 కిలోలు. లేదా వేరుశనగ కట్టె 2 కిలోలు, అదే దాణా కిలో, పచ్చిమేత 3 కిలోలు. రెండింటిలోనూ పెరుగుదల దాదాపు సమానం. కట్టె పెట్టిన ఇంట్లో రోజుకు అర కిలో దాణా మిగులుతుంది. ఆరు నెలలకు 90 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు ఇంచుమించు రెండు. పంట మిగులుకు డబ్బు విలువ ఎక్కడుందో ఈ ఒక్క పోలికలో కనపడుతుంది. ఏడాది దాటి 200 కిలోలకు చేరిన పడ్డకు సుపోషకం చేసిన (యూరియా నీళ్లు చల్లి మగ్గబెట్టిన) వరిగడ్డి 3 కిలోలు, దాణా ఒకటిన్నర కిలో, పచ్చిమేత 5 కిలోలు సరిపోతాయి.

గడ్డిని, చొప్పను 2, 3 సెంటీమీటర్ల ముక్కలుగా నరకాలి. నరికితే వృథా తగ్గుతుంది, కాస్త ఎక్కువ తింటుంది. అంతేకానీ గడ్డిలో బలం పెరగదు. చాఫ్ కట్టర్ ఇస్తే మేత సమస్య తీరినట్టే అని రాయడం ఆపాలి. పొడిగా మర పట్టించడం అంతకన్నా తప్పు. పొడి పొట్టలో నిలవదు, దూడ నెమరు వేయదు, కడుపు ఉబ్బుతుంది.

సుపోషకం చేయడం మీద శిక్షణ పేరుతో కరపత్రాలు పంచుతున్నారు. చేసి చూపించేవాళ్లు తక్కువ. 100 కిలోల ఎండిన వరిగడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లు. గడ్డిని పది కిలోల పొరలుగా పరిచి ఒక్కో పొర మీద 6 లీటర్లు సమంగా చల్లి, బాగా తొక్కి, మీద మరో పొర. పైన చిల్లులు లేని పట్టా కప్పి అంచులకు మట్టి వేయాలి. 21 రోజులు కదపకూడదు, చలికాలంలో మరో వారం. తర్వాత ఒక పక్క నుంచే ఆ రోజుకు కావలసినంత తీసి, ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలి. మాంసకృత్తులు 7, 8 శాతానికి వస్తాయి. మొదటి వారం మామూలు గడ్డిలో నాలుగో వంతు కలిపి అలవాటు చేయాలి.

చెడేది ఎక్కడ? యూరియాను గుప్పెళ్లతో కొలిచిన చోట. పట్టా చిరిగితే అమ్మోనియా పోయి, తడి గడ్డి మాత్రం మిగిలి వారంలో బూజు పడుతుంది. అలాంటి బూజు గడ్డి తిన్న గేదెలకు తోక, చెవుల చివరలు, గిట్టల పైభాగం కుళ్లే డెగ్నాల జబ్బు వస్తుంది. అన్నిటికన్నా ఘోరం, మిగిలిన యూరియా నీళ్ల బకెట్‌ను పాకలో వదిలేయడం. ఆ నీళ్లు తాగిన దూడ నురగ కక్కి, పొట్ట ఉబ్బి, వణుకుతూ గంటలోపే పడిపోతుంది. వెనిగర్, చల్లని నీళ్లు ఉపశమనం ఇస్తాయి కానీ డాక్టరు వచ్చేలోపే చాలాసార్లు పోతుంది. ఇంకో జాగ్రత్త ఏ కరపత్రంలోనూ చూడలేదు. పచ్చిదనం, తీపి ఉన్న జొన్న, మొక్కజొన్న చొప్పకు ఈ పద్ధతి వాడకూడదు. చక్కెరలు ఎక్కువున్న మేత వేడిలో అమ్మోనియాతో కలిస్తే పశువు పిచ్చెత్తినట్టు పరుగులు తీసే విషం తయారవుతుంది. అది పాల ద్వారా దూడకూ చేరుతుంది.

ఇంత పనికొచ్చే గడ్డిని మరోవైపు పొలంలోనే తగలబెడుతున్నాం. కంబైన్ హార్వెస్టర్ కోసిన ఎకరంలో మొదళ్లు పోగా టన్నున్నర నుంచి రెండు టన్నుల గడ్డి చుట్టవచ్చు. పడ్డకు రోజుకు 3 కిలోల లెక్కన ఏడాదికి టన్నుకు కాస్త పైన. అంటే ఒక ఎకరం గడ్డి దాదాపు రెండు పడ్డలకు ఏడాది ఎండుమేత. గడ్డి చుట్టే యంత్రం, బేలర్, సమయానికి రాకపోతే తర్వాతి పంట తొందరలో అగ్గి పెడతారు. పచ్చిగా ఉండగానే చుడితే బేల్ లోపల వేడెక్కి బూజు పడుతుంది. రెండూ జరుగుతున్నాయి.

మా డిమాండ్లు ఇవి.

1. రాయితీ దాణా, మేత పంపిణీ జాబితాల్లో పాలివ్వని పెయ్యలు, పడ్డలకు విడిగా కోటా కేటాయించండి. ఆరు నెలల నుంచి చూడి కట్టేదాకా ఒక్కో దూడకు ఎంత దాణా, ఏ ఎండుమేతతో కలిపి అన్నది ఉత్తర్వులోనే రాయండి. కరువు మండలాల పశుగ్రాస శిబిరాల్లో దూడలకు విడిగా గాడి, విడిగా మేత ఉండాలి. పెద్ద పశువుల మధ్య గడ్డి కోసం తోసుకుని దూడ గెలవలేదు.

2. దూడల దాణాలో ముడి పీచు 7 శాతం మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. పాడి పశువుల దాణా ప్రమాణం ఐఎస్ 2052 ఒకటో రకానికి 10, రెండో రకానికి 12 శాతం దాకా ఒప్పుకుంటుంది. అంగళ్లలో ఈ పెద్ద పశువుల దాణానే దూడలకు అమ్ముతున్నారు. మిల్లులు బస్తా మీద ఏ వయసు పశువుకో పెద్ద అక్షరాల్లో తెలుగులో ముద్రించాలి.

3. యూరియా కలిపిన దాణా మీద ఆరు నెలల లోపు దూడకు పెట్టరాదు అన్న హెచ్చరిక ఎర్ర అక్షరాల్లో ఉండాలి. ఒక శాతం యూరియా కలిపితే పరీక్షలో దాదాపు 2.9 శాతం మాంసకృత్తులు అదనంగా కనపడతాయి. 20 అని రాసి ఉన్న బస్తాలో దూడకు పనికొచ్చేది 17 మాత్రమే కావచ్చు. కొనేవాడికి ఇది తెలిసి తీరాలి.

4. తవుడు, దాణా నమూనాలను ప్రతి మూడు నెలలకోసారి తీసి, ఆమ్లంలో కరగని బూడిద, అఫ్లాటాక్సిన్ బి1 పరీక్షలు చేయించి, ఫలితాలను మిల్లు వారీగా పాల సేకరణ కేంద్రం గోడ మీద అంటించండి. అఫ్లాటాక్సిన్ హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. దాటిన సరుకును వెనక్కి రప్పించే బాధ్యత మిల్లుదే.

5. ఎండుమేత కొనే టెండర్లలో బరువుతో పాటు తేమ, మాంసకృత్తులు, అరుగుదల శాతం అడగండి. పప్పు మిల్లుల చున్నీ, సోయా గింజ పొట్టు, వేరుశనగ కట్టెలను విడివిడి సరుకులుగా చూపండి. పొట్టు అన్న ఒక్క పద్దు తీసేయండి.

6. కోతల నెలలో బేలర్లను మండలాల వారీగా ముందే కేటాయించండి. అద్దె రాయితీని పాల సంఘాల ద్వారా ఇవ్వండి. గడ్డి చుట్టించే ముందు తేమ చూసే మీటరు ప్రతి సంఘం దగ్గర ఉండాలి. 15 శాతం దాటిన గడ్డిని చుట్టనివ్వకండి. వేరుశనగ ప్రాంతాల్లో కట్టె నిల్వకు నేల నుంచి అడుగు ఎత్తున అట్టకం, మీద రేకు ఉన్న కప్పులకు సాయం చేయండి. వానకు తడిసి పోయే కట్టె విలువ ముందు ఆ రేకుల ఖర్చు చిన్నదే.

7. సుపోషకం చేసే పద్ధతిని ప్రతి పశువైద్యశాల పరిధిలో కోతల తర్వాత నెలలోపు ఒక గడ్డివాము మీద చేసి చూపించండి. 21వ రోజున అదే ఊళ్లో అదే రైతుల ముందు పట్టా విప్పండి. చేసి చూపిన మనిషే విప్పి చూపాలి.

8. పెయ్యదూడల బరువు కొలవడం మొదలుపెట్టండి. తూకం యంత్రం అక్కర్లేదు, గుండె చుట్టుకొలత టేపు చాలు. పాల కేంద్రంలో మూడు నెలలకోసారి టేపు పట్టి, పుస్తకంలో రాసి, రోజుకు 300 గ్రాముల కన్నా తక్కువ పెరిగిన దూడ ఇంటికి వెళ్లి గాడిలో ఏముందో చూడండి. ఎన్ని సూదులు వేశారన్న లెక్క మాత్రమే పైకి పంపితే, ఆ సూదులతో పుట్టిన దూడలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

వీటిలో 2, 3, 5, 8 అంశాలకు కొత్త డబ్బు పెద్దగా అవసరం లేదు, ఉత్తర్వు చాలు. వాటిపై 30 రోజుల్లో, మిగతావాటిపై వచ్చే వానాకాలం వరి కోతలు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఒప్పుకోలేని అంశం ఉంటే కారణం రాయండి. మేం చెప్పిన మోతాదుల్లో తప్పుంటే చూపండి, దిద్దుకుంటాం. పాల సంఘాలు ఈ లేఖను తమ సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలని కోరుతున్నాం.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల పాడి రైతులు, దాణా, పశువైద్య రంగాల్లో పనిచేస్తున్నవారు